ఏంజెల్ ఫుడ్ కేక్‌తో ఏ స్వీట్ చేయాలి? ముందు గడియారం చూడండి

పోయిన మే నెలలో మా ఆడపడుచు వాళ్లు విజయవాడ నుంచి బెంగళూరు వచ్చారు. మారతహళ్లిలో ఉన్న మిగతా చుట్టాలను కూడా పిలిచేసరికి ఆదివారం భోజనానికి పధ్నాలుగు మంది తేలారు. పొద్దున పులిహోర, గుత్తొంకాయ కూర, పప్పుచారుతోనే సరిపోతుంది, స్వీట్ పని రాత్రే ముగించేద్దామని శనివారం పదింటికి ఏంజెల్ ఫుడ్ కేక్ ముక్కలు, కస్టర్డ్, మామిడిపండు గాజు గిన్నెలో పొరలు పొరలుగా పేర్చి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం గరిటె దింపితే అడుగున కేక్ అనేదే లేదు, మొత్తం జావ అయిపోయింది. రుచి బాగానే ఉంది, అందరూ తిన్నారు కూడా, కానీ అంత శ్రద్ధగా చేసిన కేక్ ఎవరి నోటికీ తగలకుండా పోయిందని నాకు చాలా బాధేసింది.

రెండు వారాల తర్వాత అదే గిన్నెలో అవే దినుసులు తినడానికి మూడు గంటల ముందు పేర్చాను. ఈసారి ప్రతి చెంచాలోనూ కేక్ మెత్తగా, విడిగా తెలిసింది. అప్పటినుంచి ఎవరైనా ఈ కేక్‌తో ఏం చేస్తే బాగుంటుందని అడిగితే నేను మొదట అడిగేది ఒకటే: చేశాక ఎన్ని గంటలకు తింటారు? ఏ పండు, ఏ క్రీమ్ అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే ఈ కేక్ తయారయ్యే తీరే వేరు. ఇందులో వెన్న ఉండదు, నూనె ఉండదు, పచ్చసొన ఉండదు. బేకింగ్ పౌడర్ కూడా వేయరు. తెల్లసొనను గిలక్కొట్టిన నురగలో పంచదార, కొద్దిగా మైదా కలిపి కాలుస్తారు, పొంగేదంతా ఆ నురగలోని గాలి వల్లే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన కేక్ ఇది, దేవదూతలు తినేంత తేలిగ్గా ఉంటుందని ఆ పేరు. మన లెక్కలో చెప్పాలంటే పూతరేకుకు ఉన్న గుణం దీనికీ ఉంది, నోట్లో పెట్టగానే కరుగుతుంది, తడి తగిలితే నిలవదు. మామూలు కేక్‌లో ఉండే వెన్న తడిని కాస్త అడ్డుకుంటుంది, దీనికి ఆ అడ్డు లేదు కాబట్టి పాలైనా పండ్ల రసమైనా గబగబా పీల్చేస్తుంది.

ఇంకో సంగతి, తీపి. నేను ఇంట్లో చేసే చిన్న కొలత ఆరు తెల్లసొనలకు (దాదాపు 180 గ్రాములు) 150 గ్రాముల పంచదార పొడి, 50 గ్రాముల మైదా, 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్. చూశారుగా, పిండికి రెండున్నర రెట్లు పంచదార. అందుకని దీని పక్కన పెట్టేది పుల్లగానో, వెన్నదనంతోనో ఉండాలి, తీపి మీద తీపి వేస్తే రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది. కొవ్వు లేదు కదా అని షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ధైర్యంగా పెట్టేస్తుంటారు కొందరు, దయచేసి అలా చేయకండి, కొవ్వు లేకపోయినా చక్కెర పూర్తిగా ఉంది.

ఇంతకీ కేక్ ఎక్కడిది అన్నది కూడా చూడాలి. అమెరికాలో ఎండాకాలం వస్తే సూపర్‌మార్కెట్లో స్ట్రాబెర్రీల పక్కనే ప్లాస్టిక్ డబ్బాల్లో రెడీమేడ్‌గా పెట్టి అమ్ముతారు, అక్కడున్న మనవాళ్లకు ఇది తేలికైన స్వీట్ అవ్వడానికి కారణం అదే. బెంగళూరులో మామూలు బేకరీ అద్దాల వెనక ఇది కనబడటం అరుదు. అయ్యంగార్ బేకరీల్లో దొరికే స్పాంజ్ వేరే జాతి, చాలాచోట్ల గుడ్డు లేకుండా చేస్తారు, అందులో కొవ్వు ఉంటుంది. కాబట్టి ఇంట్లో బేకింగ్ చేసి అమ్మేవాళ్లకు రెండు రోజుల ముందు చెప్పి చేయించుకోవచ్చు, అమెరికా నుంచి వచ్చే తమ్ముడితోనో మరదలితోనో మిక్స్ డబ్బా తెప్పించుకోవచ్చు (అందులో ఎండబెట్టిన తెల్లసొన పొడి ఉంటుంది, చాలా రకాలకు నీళ్లు కలిపితే చాలు), లేదా మనమే కాల్చుకోవచ్చు.

కాల్చుకునేవాళ్లకు నా అనుభవంలో నిజంగా పనికొచ్చినవి చెబుతాను. తెల్లసొనలో చుక్క పచ్చసొన పడినా, గిన్నెకు నూనె జిడ్డు ఉన్నా నురగ సరిగ్గా లేవదు, అందుకే ప్లాస్టిక్ గిన్నె వద్దు, స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో తుడిచి ఆరబెట్టి వాడండి. గుడ్డు చల్లగా ఉన్నప్పుడు సొనలు తేలిగ్గా విడిపోతాయి, గిలక్కొట్టడానికి మాత్రం అరగంట బయట పెట్టాలి. నురగ నిలవడానికి వేసే క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి లేకపోతే ఆరు తెల్లసొనలకు ఒకటిన్నర టీస్పూన్ల నిమ్మరసం వేయండి, ఆ పులుపు నురగను నిలబెడుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కదా, ఇక్కడ గాలి బుడగలు ఓవెన్లో కొంచెం ఎక్కువ సాగుతాయి. అందుకని బీటర్ ఎత్తితే నురగ కొన మెల్లగా వంగే దశలోనే ఆపేయండి. బిరుసుగా నిటారుగా నిలబడేదాకా కొడితే కేక్ పొంగి తర్వాత కుంగుతుంది. టిన్‌కు నెయ్యి, నూనె ఏమీ రాయకూడదు, నాన్‌స్టిక్ టిన్ కూడా వద్దు, పిండి గోడలను పట్టుకుని పైకి పాకాలి. 165 నుంచి 170 డిగ్రీల మధ్య ముప్ఫై, ముప్ఫై అయిదు నిమిషాలు కాల్చి, బయటకు తీయగానే తలకిందులుగా పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. మధ్యలో గొట్టం ఉన్న టిన్ అయితే గాజు సీసా మెడకు బోర్లా తగిలిస్తే సరిపోతుంది, బ్రెడ్ టిన్ అయితే అంచులను రెండు డబ్బాల మీద ఆనించి బోర్లించాలి. ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) చిన్నదైతే పన్నెండు గుడ్ల కొలత పెట్టకండి, పైకి పొంగి రాడ్‌కు తగులుతుంది. ఆరు గుడ్లతో బ్రెడ్ టిన్‌లో కాల్చుకుంటే చాలు.

సరే, కేక్ వచ్చింది. ఇప్పుడు ఎంపిక.

ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి, పది నిమిషాల్లో తినేయాలంటే నేను ఇంకో ఆలోచన లేకుండా పెనం మీద కాల్చిన ముక్కలే చేస్తాను. ఇవి తిన్నవాళ్లు తక్కువ, తిన్నాక మర్చిపోయినవాళ్లు ఇంకా తక్కువ. కేక్‌ను వేలు మందాన ముక్కలు కోసి (పళ్లున్న కత్తితో, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ కోయాలి, నొక్కితే గాలంతా పోతుంది), మందపాటి పెనం మీద అర చెంచా నెయ్యి వేసి సన్నటి సెగ మీద ఒక్కో వైపు నిమిషం ఉంచండి. దోసెల పెనం వద్దు, దానికి ఉల్లిపాయ వాసన పట్టి ఉంటుంది, కేక్ ముందుగా లాగేది ఆ వాసననే. కేక్‌లో అంత పంచదార ఉంది కదా, అది పైన కరిగి సన్నటి పాకంలా పట్టి బంగారు రంగుకు తిరుగుతుంది. అంచు పంటికింద కరకరమంటుంది, లోపల మాత్రం దూదిలా ఉంటుంది, ఆ రెండూ ఒకే ముక్కలో రావడం ఇంకే పద్ధతిలోనూ చూడలేదు నేను. నిమిషం దాటితే మాడు చేదు వస్తుంది, కాబట్టి పొయ్యి దగ్గరే నిలబడండి. దాని మీద బంగినపల్లి ముక్కలు, రెండు చుక్కల నిమ్మరసం, ఒక చెంచా గడ్డపెరుగు. అంతే. ఒకటి రెండు రోజుల నాటి కేక్ దీనికి ఇంకా బాగుంటుంది, కొద్దిగా ఆరి ఉంటుంది కాబట్టి ముక్క విరగదు.

పదిమంది పైన వస్తున్నారా? పెనం దగ్గర నిలబడటం కుదరదు. అప్పుడు ట్రైఫిల్, అదే గాజు గిన్నెలో పొరలు. దీన్ని నేను ఎక్కువగా సిఫార్సు చేయడానికి ఒక ఇంటి లెక్క కూడా ఉంది: ఆరు తెల్లసొనలు కేక్‌కు పోయాక మిగిలే పచ్చసొనల్లో నాలుగు ఇక్కడే ఖర్చవుతాయి. అర లీటరు పాలు, నాలుగు పచ్చసొనలు, 60 గ్రాముల పంచదార, రెండు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి సన్నటి సెగ మీద గరిటెకు పట్టేదాకా తిప్పుతూ ఉడికించండి. ప్యాకెట్ కస్టర్డ్ పౌడర్‌తోనూ అవుతుంది, తప్పేం లేదు, కానీ ఇంట్లో పచ్చసొనలు ఉండగా దాన్ని కొనడం దేనికి? కస్టర్డ్ పూర్తిగా చల్లారాకే పేర్చాలి, వేడిగా పోస్తే కేక్ అక్కడికక్కడే కుంగిపోతుంది. బాగా చిక్కగా ఉండాలి, గిన్నె వంచితే జారకూడదు. నా మొదటి ట్రైఫిల్ జావ అవడానికి సగం కారణం కస్టర్డ్ పలచబడటమే, మిగతా సగం ఆ పధ్నాలుగు గంటలు. ఇప్పుడు నేను పాటించేది రెండు నుంచి నాలుగు గంటలు. ముందు రోజే పని ముగించాలంటే కస్టర్డ్ ఒక గిన్నెలో, పండ్లు ఒక డబ్బాలో, కేక్ బయట మూతపెట్టి ఉంచి, తినే రోజు పొద్దున పేర్చండి, పావుగంట పని.

పండు విషయంలో ఒక మాట. బెంగళూరులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి ఉంటుంది, ఇక్కడివాళ్లకు రస్‌పురి, బాదామి అంటే ప్రాణం, మనకేమో బంగినపల్లి, రసాలు. ట్రైఫిల్‌లోకి ముక్క నిలబడే బంగినపల్లి గానీ బాదామి గానీ కావాలి. రస్‌పురి, చిన్నరసాలు జుర్రుకోవడానికి ఎంత బాగున్నా గిన్నెలో వేస్తే రసం వదిలి కేక్‌ను ముంచేస్తాయి. వాటిని గుజ్జు తీసి తినేముందు పైన పోసుకోండి. చలికాలంలో మహాబలేశ్వర్ నుంచి స్ట్రాబెర్రీలు వస్తాయి, డిసెంబర్ నుంచి మార్చి దాకా. అవి కొంచెం పుల్లగా ఉంటాయి కాబట్టి అన్ని పండ్లలోకీ ఈ కేక్‌కు అవే బాగా కుదురుతాయి, ఈ విషయంలో అమెరికావాళ్లతో నాకు పేచీ లేదు.

అసలు పని చేసే ఓపికే లేనప్పుడు కూడా స్ట్రాబెర్రీలే: ముక్కలు చేసి రెండు చెంచాల పంచదార చల్లి అరగంట వదిలేస్తే వాటంతటవే ఎర్రటి రసం ఊరుతుంది. కేక్ ముక్క మీద అది, దాని మీద క్రీమ్. ప్లేట్‌లో పెట్టిన పది నిమిషాల్లో తినాలి.

క్రీమ్ అన్నాను కాబట్టి, దుకాణంలో చిన్న అట్టపెట్టెలో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్‌ను ఎంత గిలక్కొట్టినా గట్టిపడదు. కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి, పెట్టె మీద విప్పింగ్ అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. బేకరీవాళ్లు వాడే నాన్ డెయిరీ క్రీమ్ గట్టిగా నిలుస్తుంది, కానీ అది ముందే తియ్యగా ఉంటుంది, ఈ కేక్‌తో కలిస్తే తీపి మరీ ఎక్కువవుతుంది. ఈ గొడవంతా వద్దనుకుంటే గడ్డపెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీయండి, పొద్దునకు చిక్కటి వెన్నలా తయారవుతుంది. అందులో మామిడి గుజ్జు, చిటికెడు యాలకుల పొడి కలిపితే శ్రీఖండ్. పెద్దవాళ్లున్న ఇంట్లో క్రీమ్ కంటే ఇదే ఎక్కువ ఖర్చవుతుంది, మా అత్తగారు క్రీమ్ పక్కకు జరిపి దీన్ని రెండోసారి అడిగి వేయించుకున్నారు. పులుపు ఉంటుంది కాబట్టి కేక్ తీపికి సరిగ్గా సరిపోతుంది.

పచ్చి అనాసపండు, కివీ, బొప్పాయి మాత్రం క్రీమ్‌లో గానీ పెరుగులో గానీ కలిపి నిల్వ ఉంచకండి. వాటిలో మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, గంట గడిచేసరికి క్రీమ్ పలచబడి చేదెక్కుతుంది, జెలటిన్ జెల్లీ అయితే అసలు గడ్డకట్టదు. అనాసను పంచదారతో అయిదు నిమిషాలు ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, తర్వాత ఎలాగైనా వాడుకోవచ్చు. డబ్బాలో వచ్చే అనాస ముందే వేడి చేసినది కాబట్టి భయం లేదు. మిక్స్ డబ్బా ఉన్నవాళ్లకు అన్నింటికంటే తేలికైన స్వీట్ కూడా దీనివల్లే సాధ్యమైంది: నీళ్లకు బదులు దాదాపు 570 గ్రాముల చితక్కొట్టిన డబ్బా అనాసను రసంతో సహా మిక్స్‌లో కలిపి, ఏమీ రాయని వెడల్పాటి ట్రేలో 175 డిగ్రీల దగ్గర అరగంట కాల్చడమే. రెండే దినుసులు. అయితే ఇది అసలు ఏంజెల్ కేక్ అంత తేలిగ్గా ఉండదు, తడితడిగా ఉంటుంది, నాకు వేడిగా తింటేనే నచ్చింది.

పిల్లల పుట్టినరోజు అయితే ఐస్‌క్రీమ్ కేక్. ఇక్కడ గడియారం లెక్క తిరగబడుతుంది, ముందు రోజే చేయాలి. వెన్న కేక్‌ను ఫ్రీజర్లో పెడితే వెన్న గడ్డకట్టి రాయిలా అవుతుంది. ఏంజెల్ ఫుడ్ కేక్‌లో కొవ్వు లేదు, పంచదార ఎక్కువ, అందుకని ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే కత్తి దిగుతుంది. కేక్‌ను అడ్డంగా మూడు పొరలు కోసి (అరగంట ఫ్రీజర్లో ఉంచాక కోస్తే పొడి రాలదు), టిన్‌లో ప్లాస్టిక్ రేపర్ పరిచి, పావుగంట బయట పెట్టి మెత్తబరిచిన లీటర్ ఐస్‌క్రీమ్‌ను మధ్యలో పరుచుకుంటూ వెళ్లి, రాత్రంతా ఫ్రీజర్లో వదిలేయండి. కొనేటప్పుడు పెట్టె మీద ఐస్‌క్రీమ్ అని ఉందో ఫ్రోజెన్ డెసర్ట్ అని ఉందో చూడండి, రెండోది పాల కొవ్వుకు బదులు వెజిటబుల్ ఆయిల్‌తో చేసింది, కేక్ మధ్యలో తిన్నప్పుడు నాలుకకు ఒక పూతలా అంటుకుంటుంది. వెనిల్లా కంటే సీతాఫలం ఐస్‌క్రీమ్‌తో చేసినప్పుడు మా పిల్లలు గిన్నె నాకారు. ఎండాకాలంలో కరెంటు గంటల తరబడి పోయే ఏరియాలో ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లకుండా ట్రైఫిల్‌కే ఓటు వేయండి, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు వస్తాయి, పిల్లలకు పెట్టడం కూడా మంచిది కాదు.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది త్రెస్ లెచెస్, మన రసమలై రుచితో. కేక్ మీద మూడు రకాల పాలు పోసి నానబెట్టేది. ఏంజెల్ ఫుడ్ కేక్‌తో వద్దని చెబుతాను. పాలను పీల్చడంలో దీనికి సాటి లేదు, నిజమే, కానీ కండెన్స్‌డ్ మిల్క్ తీపి, కేక్ తీపి రెండూ కలిసి గొంతు పట్టేస్తాయి, పైగా తడిసిన కేక్ ట్రేలో సగానికి కుదించుకుపోతుంది. దానికి పచ్చసొనతో సహా గుడ్డంతా వేసిన మామూలు స్పాంజ్ తీసుకోండి. చేతిలో ఈ కేకే ఉంది, రసమలై కావాల్సిందే అంటే చిన్న గ్లాసుల్లో ముక్కలు వేసి, కండెన్స్‌డ్ మిల్క్ మానేసి, కుంకుమపువ్వు వేసి మరిగించి చల్లార్చిన చిక్కటి పాలు తినడానికి పది నిమిషాల ముందు పోయండి. పిస్తా పలుకులు పైన.

నన్నడిగితే, ఇవన్నీ చదివే తీరిక లేనివాళ్లకు: అప్పటికప్పుడు ఇద్దరికైతే పెనం మీద కాల్చిన ముక్కలు, మధ్యాహ్నం విందుకు పొద్దున పేర్చిన మామిడి ట్రైఫిల్, పుట్టినరోజుకు ముందు రాత్రి ఐస్‌క్రీమ్ కేక్. పండుగ రోజుల్లో వచ్చేవాళ్లలో గుడ్డు తిననివాళ్లు ఉంటే గిన్నె బల్ల మీద పెట్టకముందే చెప్పేయండి, ఈ కేక్ తెల్లగా ఉంటుంది కాబట్టి చూసి ఎవరూ గుడ్డు ఉందని పోల్చుకోలేరు. జెల్లీ పొర వేయాలనుకుంటే జంతువుల నుంచి తీసే జెలటిన్ బదులు సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ వాడితే మాంసాహారం తిననివాళ్లకు ఆ ఇబ్బందీ ఉండదు.

ట్రైఫిల్‌కు నాలుగు పోగా మిగిలిన రెండు పచ్చసొనలను చిన్న గిన్నెలో వేసి, ఎండిపోకుండా పైన చెంచా నీళ్లు పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజుల్లోపు ఇంకో రెండు గుడ్లు జతచేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసుకుంటే మామూలు పొరటు కంటే చిక్కగా వస్తుంది, వేడన్నంలోకి బాగుంటుంది.